పాత ల్యాప్‌టాప్‌కు పొరుగిళ్ల వైఫైలన్నీ కనిపిస్తున్నాయి, మా ఇంటిది మాత్రం కనిపించడం లేదు

అచ్చుపని (తెనాలి)

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే డీటీపీ పని, అంటే కంప్యూటర్‌లో అచ్చు పేజీలు కూర్చే పని, చేసుకుంటాను. శుభలేఖలు, కరపత్రాలు, వాటి నడుమ ఎప్పుడైనా ఒక శతకమో కవితా సంపుటమో నా చేతుల మీదుగా ప్రెస్సుకు వెళుతుంటాయి. ఇందుకు వాడుతున్న ల్యాప్‌టాప్ 2010 నాటిది. అందులో 32 బిట్ విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లు ఉన్నాయి. ఇంకా ఆ పాత పెట్టె ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడగబోయేవారికి ముందే ఒక మనవి: ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి, వాటిని యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎక్కడెక్కడ చెదిరిపోతాయో ఈ పని చేసేవారికి తెలుసు. కాబట్టి ఆ సలహాను దయచేసి పక్కన పెట్టండి.

సమస్య ఇది. రెండు నెలల క్రితం పాత కనెక్షన్ తీయించి ఫైబర్ పెట్టించాము. వచ్చిన కుర్రవాడు కొత్త రౌటర్‌ను గోడకు బిగించి, ఇంట్లోని మూడు ఫోన్లకు, టీవీకి వైఫై కలిపి వెళ్లాడు. అవన్నీ నేటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై జాబితా తెరిస్తే ఎదురింటివారిది, పై అంతస్తువారిది, చివరకు వీధి మొదట్లోని మందుల షాపుది కూడా కనిపిస్తున్నాయి కానీ, మూడడుగుల దూరంలో ఉన్న మా రౌటర్ పేరు లేదు. అసలెప్పుడూ లేదని కూడా చెప్పలేను. కొన్ని రోజులు ఉన్నట్టుండి కనిపిస్తుంది, పాస్‌వర్డ్ ఇస్తే కలుస్తుంది, మళ్లీ మరునాటికో ఆ పై రోజుకో మాయమవుతుంది. కలిసిన రోజున కూడా ఒక్కోసారి మెయిల్ తెరవబోతే, ఈ కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ హెచ్చరిక చూపి అక్కడే ఆగిపోతోంది. పాత రౌటర్‌తో ఇన్నేళ్లలో ఈ బాధ ఒక్కసారీ లేదు.

మరొక సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో మీరే చెప్పాలి. ఈ ల్యాప్‌టాప్ బ్యాటరీ పోయి చాలా కాలమైంది, ఛార్జర్ మీదే నడుస్తుంది. దాని ప్లగ్గుకు చదును పిన్నులు ఉండటంతో మన సాకెట్లో కన్వర్టర్ పెట్టి వాడుతున్నాను, అది కొంచెం కదిలినా పెట్టె ఆగిపోతుంది. కరెంటు పోయినా అంతే. ప్రస్తుతానికి ప్రూఫులను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సైకిల్ మీద ప్రెస్సుకు తీసుకువెళుతున్నాను. శ్రావణమాసపు ముహూర్తాల పని నెత్తి మీదకు వచ్చింది. తెలిసినవారు దారి చూపగలరు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అచ్చుపని గారికి నమస్కారం. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ముందు అంచున గానీ పక్కన గానీ వైఫై కోసం ఒక చిన్న జారుడు స్విచ్చి ఉండేది. నా దగ్గరున్న దానిలో ఆ స్విచ్చి వదులై, చేయి తగిలినప్పుడల్లా వైఫై పోయేది. ముందు అది చూడండి. అది సరిగానే ఉంటే డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి వైర్‌లెస్ అడాప్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి వేయండి. డ్రైవర్, అంటే ఆ అడాప్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, మళ్లీ ఎక్కుతుంది. నాకు చాలాసార్లు ఇదే పనికి వచ్చింది.

రిపేరుబల్ల (హైదరాబాద్)

గోదారిగట్టు గారి సలహా సాధారణంగా మంచిదే కానీ, ఈ లక్షణాలకు అది అతకదు. స్విచ్చి ఆగిపోతే ఒక్క పేరు కూడా కనిపించకూడదు, ఇక్కడ వీధి మొదట్లోని మందుల షాపు దాకా కనిపిస్తోంది. డ్రైవర్ పాడైనా దెబ్బ అన్నిటి మీదా సమానంగా పడుతుంది, ఎంచి ఎంచి సొంత ఇంటి రౌటర్‌నే దాచదు. అచ్చుపని గారూ, డ్రైవర్‌ను తీసే పని మాత్రం ఇప్పుడే చేయకండి. ఒకవేళ తీసినా, డ్రైవర్ ఫైళ్లను కూడా తొలగించమంటారా అని అడిగే గడిలో టిక్కు పెట్టకండి. ఈ వయసు యంత్రాలకు డ్రైవర్ తిరిగి దొరకడమే ఒక పెద్ద పని, పైగా దాన్ని దింపుకోవడానికి మీకు నెట్టు ఉండదు.

యాంటెన్నా తీగ ఊడిందేమోనని కూడా ఆలోచించాను. ర్యామ్ వేయించినప్పుడో ఫ్యాన్ తుడిపించినప్పుడో వైఫై కార్డు మీద ఉండే నల్ల తీగ, తెల్ల తీగలలో ఒకటి ఊడిపోయి, మూత బిగించేవారు గమనించకపోవడం మా బల్ల మీద తరచుగా చూసే దృశ్యమే. అలాంటప్పుడు దూరపు సిగ్నళ్లు పోయి దగ్గరివే మిగులుతాయి. మీకు జరుగుతున్నది అందుకు పూర్తిగా విరుద్ధం, కాబట్టి దాన్నీ కొట్టివేస్తున్నాను.

నాకు కలుగుతున్న ప్రధాన అనుమానం 5 గిగాహెర్ట్జ్ గురించి. కొత్త రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పట్టీల మీద ప్రసారం చేస్తాయి. 2010 నాటి మామూలు ల్యాప్‌టాప్‌లలో చాలావాటి కార్డు 2.4 ఒక్కదాన్నే వింటుంది. వచ్చిన కుర్రవాడు ఏ కారణం చేతనో 2.4ను ఆపివేసి ఉంటే మీ ఫోన్లు, టీవీ 5 మీద హాయిగా నడుస్తాయి, ల్యాప్‌టాప్‌కు మాత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. అయితే మరి కొన్ని రోజులు ఎందుకు కనిపిస్తోందన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదని ఒప్పుకుంటున్నాను.

రెండు పరీక్షలు చేసి ఫలితం రాయండి. మొదటిది, మీ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, దాని అమరికలలో 2.4 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకుని, ల్యాప్‌టాప్ దానికి కలుస్తుందేమో చూడండి. కలిస్తే కార్డు, డ్రైవర్, యాంటెన్నా మూడూ నిర్దోషులే. రెండవది, ఫోను వైఫై జాబితాలో మీ ఇంటి పేరు ఒకటే ఉందా, చివర 5జీ (5 గిగాహెర్ట్జ్ అని అర్థం) అని తోకతో రెండవ పేరు కూడా ఉందా చూడండి. కుదిరితే, పేరు కనిపించిన రోజులకు, కనిపించని రోజులకు మధ్య ఇంట్లో ఏమి మారిందో కూడా గుర్తు చేసుకోండి.

అచ్చుపని

రిపేరుబల్ల గారికి కృతజ్ఞతలు. స్విచ్చి కూడా చూశాను, గట్టిగానే ఉంది. మీరు చెప్పిన పరీక్షలు చేశాను. ఫోను హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్ మొదటి ప్రయత్నంలోనే కలిసింది. మా ఇంటి పేర్లు ఫోనులో రెండు కనిపిస్తున్నాయి, ఒకదాని చివర 5జీ అని ఉంది, రెండవదానికి తోక లేదు. తోక లేనిదానికి ఫోను కలిపి చూస్తే అదీ పనిచేసింది. అంటే 2.4 ఆగిపోలేదనే అర్థమవుతోంది.

మీ చివరి ప్రశ్న నన్ను ఆలోచనలో పడవేసింది. శుభలేఖల లెక్క రాసే నోటు పుస్తకంలోనే వారం రోజుల పాటు వైఫై లెక్క కూడా రాశాను. సోమవారం పేరు లేదు. మంగళవారం మధ్యాహ్నం గంటసేపు కరెంటు పోయింది, వచ్చాక చూస్తే పేరు ఉంది. బుధ, గురువారాలు అలాగే ఉంది. గురువారం రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చింది, శుక్రవారం ఉదయానికి పేరు లేదు. శనివారం రెండుసార్లు పోయింది, మొదటిసారి తర్వాత లేదు, రెండవసారి తర్వాత ఉంది. కరెంటు పోకుండా పేరు రావడం గానీ పోవడం గానీ ఈ వారంలో ఒక్కసారి కూడా జరగలేదు. మా రౌటర్‌కు ఇన్వర్టర్ లైను లేదు, కాబట్టి కరెంటుతో పాటు అదీ ఆగి మళ్లీ మొదలవుతుంది. అది ఆగి మొదలయినప్పుడల్లా ఏదో మారుతోందని మాత్రం తోస్తోంది, అదేమిటో నా ఊహకు అందడం లేదు.

ప్రవాసి (డాలస్)

అచ్చుపని గారూ, మీ నోటు పుస్తకం సగం పని చేసి పెట్టింది. మిగతా సగం మీరు మొదట్లో మాటవరసకు చెప్పిన చదును పిన్నుల ప్లగ్గులో ఉంది. ఆ ల్యాప్‌టాప్ అమెరికాలో కొన్నదై ఉండాలి, అవునా? అవునైతే నా అంచనా ఇది: మీ రౌటర్ కొన్నిసార్లు 12వ లేదా 13వ ఛానల్ మీద ప్రసారం చేస్తోంది, మీ ల్యాప్‌టాప్ కార్డుకు ఆ ఛానళ్లు ఉన్నాయనే తెలియదు.

కొంచెం వివరంగా చెబుతాను. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఛానళ్లుగా గుర్తించారు. 1వ ఛానల్ మధ్య బిందువు 2412 మెగాహెర్ట్జ్. అక్కడి నుంచి ఐదేసి మెగాహెర్ట్జ్ చొప్పున జరుగుతూ 6వది 2437 దగ్గర, 11వది 2462 దగ్గర, 13వది 2472 దగ్గర ఉంటాయి. భారతదేశంలో 13 ఛానళ్లూ వాడుకోవచ్చు. అమెరికాలో పట్టీ చివర ప్రసార శక్తి మీద ఉన్న కఠినమైన ఆంక్షల వల్ల, అక్కడ అమ్మే పరికరాలను తయారీదారులు ఆచరణలో 1 నుంచి 11 వరకే పరిమితం చేస్తారు. ఈ ప్రాంతపు గుర్తును కార్డులోని చిన్న జ్ఞాపకశక్తి చిప్పులో కర్మాగారంలోనే రాసేస్తారు. కార్డు వైఫై పేర్ల కోసం వెతికేటప్పుడు ఒక్కొక్క ఛానల్‌నూ వరుసగా తట్టి చూస్తుంది. మీది 11 దాకా తట్టి వెనుదిరుగుతోంది. 13లో మీ రౌటర్ మూడడుగుల దూరం నుంచి ఎంత గట్టిగా అరిచినా దానికి వినిపించదు.

ఇక కరెంటు సంగతి. రౌటర్ అమరికలలో ఛానల్‌ను ఆటో అని ఉంచితే, చాలా రౌటర్లు మొదలయినప్పుడు చుట్టూ విని, తక్కువ రద్దీగా ఉన్న ఛానల్‌ను ఎంచుకుంటాయి. ఒక్కొక్క ప్రసారం దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు పరుచుకుంటుంది కనుక, ఒకదానితో ఒకటి రాచుకోకుండా ఉండగలిగేవి 1, 6, 11 ఛానళ్లే. అందుకని ఇరుగుపొరుగు రౌటర్లు ఎక్కువగా ఆ మూడింటి మీదే గుమికూడతాయి. ఆ మూడూ నిండిన వీధిలో, కొత్తగా వచ్చిన రౌటర్‌కు పట్టీ చివర ఉన్న 12, 13 ఖాళీగా కనిపించడం సహజం. కరెంటు వచ్చిన క్షణాన పక్కింటి రౌటర్లు ముందు లేచాయా, మీది ముందు లేచిందా అన్నదాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. మీ పాత రౌటర్ ఇన్నేళ్లూ 11 దాటి వెళ్లలేదన్నమాట.

నిర్ధారణ చాలా సులభం. ఫోనులో వైఫై అనలైజర్ వంటి యాప్ వేసుకుంటే ఒక్కొక్క పేరు పక్కన దాని ఛానల్ అంకె చూపుతుంది. ల్యాప్‌టాప్‌లో మీ పేరు కనిపించని రోజున చూడండి. నేను చెప్పింది నిజమైతే అక్కడ 12 గానీ 13 గానీ ఉండాలి, ల్యాప్‌టాప్‌లో కనిపిస్తున్న పొరుగువారివన్నీ 11 లోపే ఉండాలి. 5జీ తోక ఉన్న పేరును పట్టించుకోకండి, దాని అంకెలు 36, 149 వంటివి, అవి వేరే లెక్క.

సరిచేయడం కూడా రౌటర్ వైపు నుంచే. ఫోనును ఇంటి వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. చాలా రౌటర్లకు అదే చిరునామా, కాకపోతే రౌటర్ అడుగున అతికించిన కాగితం మీద సరైనది ఉంటుంది, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా అక్కడే ఉంటాయి. లోపల వైర్‌లెస్ లేదా డబ్ల్యూలాన్ అన్న విభాగంలో 2.4 గిగాహెర్ట్జ్ పేజీ తెరిచి, ఛానల్ దగ్గర ఆటోను తీసి 1, 6, 11లలో మీ వీధిలో తక్కువ మంది వాడుతున్నదాన్ని పెట్టండి. అదే పేజీలో బ్యాండ్‌విడ్త్ 40 అని ఉంటే 20కి దించండి. మీ వంటి ఇరుకు వీధుల్లో 40 పెట్టడమంటే పక్కవారి చాప మీద కూడా కాళ్లు చాపడమే, మీకూ లాభం ఉండదు. 5 గిగాహెర్ట్జ్ పేజీని ముట్టుకోవద్దు.

అక్కడే దేశం అన్న పెట్టె ఒకటి కనిపించవచ్చు. దాన్ని అమెరికాకు మారిస్తే రౌటర్ తనంతట తానే 11 లోపు ఉంటుందని కొందరు చెబుతారు. పని జరుగుతుందేమో కానీ అలా చేయకండి. రౌటర్ ఉన్నది తెనాలిలో కనుక, ఏ ఛానల్ మీద ఎంత శక్తితో ప్రసారం చేయాలన్నది ఇక్కడి నిబంధనల ప్రకారమే ఉండాలి. ఒక్క అంకె మారిస్తే తీరే పనికి దేశం మార్చడం ఎందుకు?

ఈ గొయ్యిలో నేనూ పడ్డవాణ్నే. ఇక్కడ కొన్న ల్యాప్‌టాప్‌ను నెల్లూరులో ఉన్న మా నాన్నగారికి ఇచ్చి, ఆయన వైఫై లేదంటే ఆరు వారాల పాటు ఫోనులో డ్రైవర్లు మార్పించాను. ఆయన ఓపిక పట్టారు.

అచ్చుపని

ప్రవాసి గారూ, మీరు ఊహించినట్టే ఈ ల్యాప్‌టాప్‌ను మా మేనల్లుడు అక్కడ చదువు ముగించుకుని వస్తూ తెచ్చాడు. నిన్న సాయంత్రం పేరు కనిపించని వేళ ఫోనులో యాప్ వేసి చూశాను. మా ఇంటి పేరు పక్కన 13 అని ఉంది. ఎదురింటిది 6, మందుల షాపుది 1, పై అంతస్తువారిదీ మరి రెండూ 11.

రౌటర్ పేజీలోకి వెళ్లడానికి కొంత తిప్పలు పడ్డాను. గోడకు బిగించినందువల్ల అడుగున ఉన్న కాగితం చదవడానికి రౌటర్‌ను మేకుల నుంచి దింపవలసి వచ్చింది. లోపల పేజీలన్నీ ఇంగ్లీషులో ఉన్నా, మీరు చెప్పిన పదాలు అక్కడే దొరికాయి. ఎదురింటి సిగ్నల్ మా ఇంట్లో బలహీనంగానే ఉన్నందున ఛానల్‌ను 6కు మార్చి, బ్యాండ్‌విడ్త్ 20 చేసి, సేవ్ నొక్కాను. అర నిమిషంలో ల్యాప్‌టాప్‌లో మా ఇంటి పేరు ప్రత్యక్షమైంది. పాస్‌వర్డ్ ఇచ్చాను, కలిసింది. రౌటర్‌ను కావాలని నాలుగుసార్లు ఆపి వేశాను, నాలుగుసార్లూ పేరు వచ్చింది.

అయితే నేను మొదట రాసిన రెండవ బాధ మిగిలే ఉంది. వైఫై గుర్తు నిండుగా ఉన్నా, ఈ ఉదయం మెయిల్ తెరవబోతే మళ్లీ అదే హెచ్చరిక. వార్తల సైట్లు కూడా తెరుచుకోవడం లేదు. ఫోనులో అదే వైఫై మీద అన్నీ తెరుచుకుంటున్నాయి. రాత్రి ఒకసారి కన్వర్టర్ ఊడి పెట్టె ఆగింది, అంతకుమించి ఏమీ జరగలేదు. ఇది కూడా ఛానల్‌కు సంబంధించినదేనా?

రిపేరుబల్ల

అచ్చుపని గారూ, ఇది ఛానల్ కాదు. ప్రవాసి గారు మొదటి ముడి విప్పారు, నేను 5 గిగాహెర్ట్జ్ వైపు వెళ్లి దారి తప్పాను. రెండవది మాత్రం మా బల్ల మీద దాదాపు ప్రతి వారం వచ్చేదే. స్క్రీన్ కుడివైపు అడుగున తేదీ చూడండి. ఏ సంవత్సరం ఉంది?

అచ్చుపని

2009 జనవరి 1 అని ఉంది! రోజూ కళ్ల ముందే ఉన్నా నేను గమనించనే లేదు.

రిపేరుబల్ల

అనుకున్నదే. మదర్‌బోర్డు మీద నాణెం ఆకారంలో సీఆర్ 2032 అనే 3 వోల్టుల సెల్ ఒకటి ఉంటుంది. యంత్రం ఆగి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. దాని ఆయువు తీరినా, ల్యాప్‌టాప్ బ్యాటరీ గానీ ఛార్జర్ గానీ ఉన్నంతసేపు ఆ లోటు బయటపడదు. మీకు బ్యాటరీ లేదు, ఛార్జరేమో కన్వర్టర్ దయ మీద ఆధారపడి ఉంది. కాబట్టి కరెంటు పోయినా, పిన్ను కదిలినా గడియారం తనకు తెలిసిన మొదటి తేదీకి వెళ్లిపోతోంది. మీ రెండు సమస్యలూ కరెంటుతోనే వచ్చిపోతుండటం వల్ల ఒక్కటిగా కనిపించాయి కానీ, ఒకటి రౌటర్‌లో ఉంది, మరొకటి ల్యాప్‌టాప్ కడుపులో ఉంది.

తేదీకీ మెయిల్‌కూ సంబంధం ఏమిటంటారా? సురక్షితమైన ప్రతి సైటూ తన గుర్తింపు పత్రాన్ని బ్రౌజర్‌కు చూపుతుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. మీ యంత్రం 2009లో ఉన్నాననుకుంటోంది గనుక, నిన్న మొన్న జారీ అయిన పత్రం దాని దృష్టిలో ఇంకా పుట్టనే లేదు. అందుకే తలుపు తీయడం లేదు. ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే మార్గం కొన్ని సైట్లలో ఉంటుంది కానీ, మెయిల్ విషయంలో ఆ అలవాటు చేసుకోకండి.

ఇప్పటికి తేదీని, సమయాన్ని చేత్తో సరిచేసుకోండి. నెట్టు ఉంది కదా, అదే సరిచేసుకుంటుందిలే అని ఊరుకోవద్దు. నిమిషాల తేడా అయితే విండోస్ తనంతట తాను సర్దుకుంటుంది, ఇంత భారీ తేడాను దిద్దడానికి అది ఒప్పుకోదు. తర్వాత సెల్ మార్పించండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది గూటిలో విడిగా ఉంటుంది, మరికొన్నిటిలో ప్లాస్టిక్ తొడుగులో రెండు తీగలతో చిన్న కనెక్టర్‌కు కట్టి ఉంటుంది. రెండవ రకమైతే గడియారాల షాపులో దొరికే సెల్ నేరుగా సరిపోదు, తీగలతో ఉన్నదే తీసుకోవాలి. విప్పేముందు ఛార్జర్ తీసేయడం మరవకండి. మార్చాక బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే అమరికల పేజీలోకి) వెళ్లి తేదీ పెట్టి సేవ్ చేయండి.

పనిలో పనిగా, అడగకపోయినా ఒక మాట చెప్పాలి. విండోస్ 7కు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రబలినప్పుడు, అంతకు రెండు నెలల ముందే విడుదలైన సవరణను వేసుకోని విండోస్ 7 యంత్రాలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఇప్పుడైతే వేసుకోవడానికి కొత్త సవరణలే రావు. మీరు దాన్ని మానలేరని అర్థమైంది కాబట్టి మానమని చెప్పను. దాని మీద బ్యాంకు లావాదేవీలు చేయకండి, బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్ 115 వరుసలోని ఈఎస్ఆర్ అనే కూర్పును వాడండి, క్రోమ్ అయితే 109 దగ్గరే ఆగిపోయింది. మీ రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ సదుపాయం ఉంటే ల్యాప్‌టాప్‌ను అందులో ఉంచండి, అప్పుడు అది నెట్టుకు వెళ్లగలుగుతుంది కానీ మీ ఫోన్లను, టీవీని తాకలేదు. ఒక చిక్కు ఏమిటంటే వైఫై ప్రింటర్ ఇంటి నెట్‌వర్క్‌లో ఉంటే గెస్ట్ నుంచి దాన్ని కూడా చేరలేరు. మీ ఫైళ్ల నకళ్లు మరొక డిస్కులో ఉన్నాయనే నమ్ముతున్నాను.

ఓరుగల్లు (వరంగల్)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాదీ పాత విండోస్ 7 ల్యాప్‌టాప్, కొత్త రౌటరే. ఈ చర్చ చదివి ఛానల్ చూశాను, 11 ఉంది. నాకు పేరు ఎప్పుడూ కనిపిస్తుంది కానీ, పాస్‌వర్డ్ సరిగా ఇచ్చినా కలపలేకపోయానని అంటుంది. ఫోన్లన్నీ కలుస్తాయి. నేనూ ఛానల్ మార్చాలా?

ప్రవాసి

ఓరుగల్లు గారూ, పేరు కనిపిస్తోందంటే ఛానల్ సరిగానే ఉన్నట్టు. మీ రౌటర్‌లో సెక్యూరిటీ అన్న చోట చూడండి. అక్కడ వైఫై భద్రతా పద్ధతులలో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచి ఉంటే విండోస్ 7కు దారి లేదు. ఆ పద్ధతి 2018లో వచ్చింది, విండోస్ 7కు అది తెలియదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్న ఎంపికతో చాలా పాత కార్డులు పనిచేస్తాయి, కొన్నిటి డ్రైవర్లు దానికీ తికమకపడతాయి. అప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ వరకు డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టి, 5 మీద డబ్ల్యూపీఏ3 ఉంచుకోవచ్చు. ఏఈఎస్ స్థానంలో టీకేఐపీ అన్న పాత గుప్తీకరణ పద్ధతిని మాత్రం ఎంచకండి. అది భద్రతలో బలహీనమైనది, పైగా దానితో వేగం 54 మెగాబిట్లు దాటదు. రౌటర్‌లో మార్చాక ల్యాప్‌టాప్‌లో పాత ప్రొఫైల్‌ను తొలగించి, పాస్‌వర్డ్ కొత్తగా ఇవ్వడం మరవకండి, లేకపోతే అది పాత పద్ధతిలోనే తలుపు కొడుతూ ఉంటుంది.

ఓరుగల్లు

డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంది. మార్చాను, వెంటనే కలిసింది. ధన్యవాదాలు.

అచ్చుపని

పెద్దలందరికీ కృతజ్ఞతలు. తేదీ సరిచేయగానే మెయిల్ తెరుచుకుంది. సెల్ మా ల్యాప్‌టాప్‌లో రిపేరుబల్ల గారు చెప్పిన రెండవ రకమే, తీగలతో ఉంది. అది తెనాలిలో దొరకక విజయవాడ నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. మొన్న బిగించాము. విప్పినప్పుడు పాత సెల్‌ను కొలిస్తే ఒక వోల్టు కూడా చూపలేదు. ఆ తర్వాత కరెంటు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ పేరు ఉంది, తేదీ కూడా చెక్కుచెదరలేదు.

నా ప్రింటర్ యూఎస్‌బీ తీగ మీదే నడుస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌ను గెస్ట్ నెట్‌వర్క్‌కు మార్చడానికి అడ్డేమీ లేకపోయింది. మా ప్లాను 100 మెగాబిట్లది అయినా ల్యాప్‌టాప్ 72 అని చూపుతోంది, డౌన్‌లోడ్ చేసేటప్పుడు అందులో సగం వస్తోంది. నాలుగు మెగాబైట్ల ప్రూఫు ఫైలు పంపడానికి అదే ఎక్కువ. నకళ్ల గురించి అడిగారు: 2016 వరకు ఉన్నవి డీవీడీలలో ఉన్నాయి, ఆ తర్వాతివి లేవు. ఈ ఆదివారం ఒక హార్డ్‌డిస్క్ కొని ఆ పని మొదలుపెడతాను. వదులైన కన్వర్టర్‌ను పారవేసి, ఛార్జర్‌కు మన పిన్నుల తీగను నిన్ననే మార్పించాను.